త్రీడీలో చెమ్మ కనపడదు: గోదావరి డెల్టాలో ఇంటీరియర్ పని మీద అపోహలు - వాస్తవాలు

ఇంటీరియర్ డిజైన్ చదివి, కొన్నాళ్ళు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో చేసి, ఇప్పుడు అమలాపురం, రావులపాలెం, భీమవరం చుట్టుపక్కల సొంతంగా పనులు పట్టుకుంటున్నాను. ఇంకా పేరు పడలేదు. అందుకని వచ్చినవాళ్ళందరికీ ఈ పని ఏమిటో మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఇంటివాళ్ళు నమ్మేవి కొన్ని, కాలేజీలో నా తర్వాతి బ్యాచ్‌ల పిల్లలు నమ్మేవి కొన్ని. రోజూ చెవిన పడేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇల్లంతా పూర్తయ్యాక డిజైనర్‌ని పిలిస్తే చాలు.

అప్పటికి మాకు మిగిలేది కర్టెన్లూ, సోఫా గుడ్డలూ. "గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశామమ్మా, నెల రోజులుంది, నీకు తోచింది చేసిపెట్టు" అంటారు. నెలలో ఏదో ఒకటి చేయొచ్చు, కాదనను. కానీ మంచం ఏ గోడకి వస్తుందో అనుకోకుండా వేసిన స్విచ్‌బోర్డు సరిగ్గా మంచం వెనకాలే ఉంటుంది. ఏసీ నీళ్ళకి దారి వదలకపోతే హాలు గోడ మీద తెల్ల పైపు వేలాడుతుంది. ఫ్రిజ్ తలుపు తీస్తే వంటింట్లోకి మనిషి వెళ్ళలేరు. ఇవన్నీ ప్లాస్టరింగ్‌కి ముందు కాగితం మీద రబ్బరుతో చెరిపేసి సరిచేసేవే. ఆ తర్వాతైతే కట్టర్ పెట్టి గోడ కోయాలి.

లంక గ్రామాల్లో ఇది ఇంకా పెద్ద విషయం. 2022 జులై వరదల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీళ్ళు లంకల్లో ఇళ్ళలోకి చేరాయి. అలాంటి ఊళ్ళో పని వస్తే నేను ముందు అడిగేది, గోడ మీద నీటి గీత ఎక్కడిదాకా వచ్చిందని. రంగులూ డిజైన్లూ ఆ తర్వాత. స్విచ్‌బోర్డులు, ఇన్వర్టర్ ఆ గీతకి పైనే ఉండాలి. కింది అరలకి చెక్క మానేసి కడప బండలు వేసుకోవాలి. అటక బియ్యం బస్తాలు మోసేటంత గట్టిగా ఉండాలి, రాత్రి పూట కూడా ఎక్కగలిగే మెట్లు ఉండాలి. ఇంత చేశాక ఫొటో తీస్తే మామూలు గదిలాగే కనపడుతుంది. ఇన్‌స్టాలో పెడితే ఎవరూ ఆగి చూడరు.

అపోహ: మెరైన్ ప్లై వేస్తే ఇక నీళ్ళకి భయం లేదు.

మెరైన్ ప్లై అంటే నీళ్ళకి ఓర్చుకునే రకం ప్లైవుడ్. మా కార్పెంటర్లకి ఈ మాట మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. "పర్లేదండి, మెరైనే కదండీ" అనేసి తడి నేల మీదే కబోర్డు నిలబెట్టేస్తారు.

ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ప్రకారం మెరైన్ ప్లై ముక్కని 72 గంటలు నీళ్ళలో మరిగిస్తారు. పొరలు విడిపోకూడదు. వంటింటి పనికి ఎక్కువగా వాడే బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళకి ఓర్చుకునే) రకం ఐఎస్ 303 కిందికి వస్తుంది, దాన్ని మరిగించేది ఇంతకంటే తక్కువసేపే. అంటే మనం ఎక్కువ డబ్బులిచ్చేది ముఖ్యంగా పొరల మధ్య ఉన్న జిగురుకి. షీట్ మీద 'మెరైన్' అని రాసుంటే సరిపోదు. ఐఎస్‌ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 710 అంకె, కింద సీఎం/ఎల్ లైసెన్స్ నంబరు ఉన్నాయో లేదో చూసి దించుకోండి.

అసలు గొడవ షీట్‌ని కోశాక మొదలవుతుంది. కోసిన ప్రతి అంచూ నీళ్ళకి తెరిచిన తలుపే. బయటికి కనపడే అంచులకి ఎడ్జ్ బ్యాండ్ (అంచు కప్పే పట్టీ) చక్కగా అతికిస్తారు. కనపడనివాటిని వదిలేస్తారు. మీ ఇంట్లో సింకు కింద కబోర్డు తెరిచి, పైపు బయటికి పోయే రంధ్రం లోపలి అంచు వేలితో తడిమి చూడండి. గరుకుగా పచ్చి చెక్క తగిలిందంటే నీళ్ళు దిగేది అక్కడి నుంచే. పైపు చెమర్చిన చుక్కలు రోజూ ఆ అంచులోకే ఇంకుతాయి, పైన అతికించిన లామినేట్ షీటు నిగనిగలాడుతూనే ఉంటుంది. అడుగు ఉబ్బి తలుపు పట్టేశాక గానీ ఎవరికీ తెలీదు. ఆ రంధ్రం చుట్టూ సీలెంట్ పూయడం పెద్ద పనేం కాదు. నన్నడిగితే సింకు కింద అసలు చెక్కే వద్దు, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన పలక) గానీ కడప బండ గానీ చాలు.

ఇంకోటి. పండగొస్తే మన వైపు ఇల్లు తుడవరు, బకెట్లతో కడుగుతారు. కాబట్టి కబోర్డు నేలకి ఆనకూడదు. 4 అంగుళాల పీవీసీ కాళ్ళ మీద నిలబెట్టి, ముందు ఊడదీసి పెట్టుకునే స్కర్టింగ్ (అడుగు పట్టీ) వేయించుకోవాలి.

సముద్రం ఒడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపైతే చెమ్మకి ఉప్పుగాలి తోడవుతుంది. అక్కడ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా గోధుమరంగు చుక్కలు పడతాయి. 316లో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి అది ఎక్కువ ఓర్చుకుంటుంది, ధర కూడా ఎక్కువే. గాలి నేరుగా తగిలే కిటికీల బందులకీ గడియలకీ మాత్రం 316 పెట్టుకుని, లోపల 304తో సరిపెట్టుకోవచ్చు.

అపోహ: చెమ్మ గోడకి ప్యానెల్ కొట్టిస్తే చెమ్మ పోతుంది.

మన కంటికి కనపడకుండా పోతుందంతే. డెల్టాలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది, వానాకాలంలో ఇంకా పైకొస్తుంది. పాత ఇళ్ళకి పునాది మీద చెమ్మ ఆపే పొర వేసి ఉండదు. ఒత్తి నూనె పీల్చినట్టు ఇటుక నీళ్ళు పీలుస్తుంది. ఆ నీళ్ళలోని ఉప్పు గోడ పైకొచ్చి గడ్డకట్టి, రంగునీ పుట్టీనీ పెచ్చులుగా రాల్చేస్తుంది. ఆ గోడ మీద పీవీసీ ప్యానెలో టైలో వేస్తే నీళ్ళు ఆవిరయ్యే దారి మూసుకుపోయి, మోకాలి ఎత్తున ఉన్న చెమ్మ నడుము దాకా వస్తుంది. పాతకాలపు సున్నం గచ్చు గోడకి గాలి ఆడనిచ్చేది. దాని మీద సిమెంటు పూసి, ఆ పైన ప్లాస్టిక్ పెయింట్ వేసి, "మా తాతల కాలంలో ఈ గోడ బాగానే ఉండేదండీ" అంటారు. బాగానే ఉండేది మరి.

మందు ఉంది, కాస్త ఓపిక కావాలి. చెమ్మ గీతకి ఒక అడుగు పైదాకా ప్లాస్టర్ చెక్కేసి, గోడ అడుగున వరసగా రంధ్రాలు పెట్టి చెమ్మ ఆపే కెమికల్ ఎక్కించి, ఇటుక బాగా ఆరేదాకా ఆగాలి. ఎండాకాలంలో మొదలుపెడితే మేలు. బీరువా, వార్డ్‌రోబ్ గోడకి అంటించకుండా వెనక రెండు అంగుళాలు వదలండి.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండేవాళ్ళ ఇళ్ళకి ఇలా గాలి ఆడనివ్వడం మరీ అవసరం. సంక్రాంతికి తెరిచి, కనుమ వెళ్ళాక తాళం వేసేస్తారు. మూసి ఉంచితే కొత్తగా ఉంటుందనుకుంటారు. గాలాడని ఇంట్లో వార్డ్‌రోబ్ లోపల పట్టుచీరల మీదా తోలు చెప్పుల మీదా బూజు పడుతుంది. అలాంటి ఇళ్ళకి నేను నిండు తలుపులు వద్దని, జాలీ గానీ పలకల సందులు గానీ ఉన్న తలుపులే చెబుతాను. వారానికోసారి కిటికీలు తెరిచే మనిషిని పెట్టుకోమని కూడా.

అపోహ: మండువా మీద గాజు కప్పేస్తే పాత అందం, కొత్త సుఖం రెండూ దక్కుతాయి.

మండువా అంటే ఇంటి నడిమధ్య పైన తెరిచి ఉన్న ఖాళీ. కొత్తగా కట్టే పెద్ద ఇళ్ళలో ఈ కోరిక ఎక్కువైంది. చదువుకునేటప్పుడు కోనసీమలో ఒక మండువా లోగిలిని కొలతలు తీసి గీశాం. టేపు పట్టుకుని దూలాలూ వాసాలూ కొలుస్తున్నంతసేపూ అది అందమైన చట్రమే అనుకున్నాను. సెక్షన్ (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) గీశాక అది చేసే పని అర్థమైంది. నాలుగు వైపుల పెంకులూ లోపలికి వాలి వాన నీళ్ళని మధ్యలోకి దించుతాయి, అవి తూములోంచి బయటికి పోతాయి. గదుల్లో వేడెక్కిన గాలి ఆ మధ్య ఖాళీలోంచే పైకి పోతుంది. చుట్టూ ఉన్న వసారా నీడ వల్ల గోడలకి ఎండ తగలదు. ఆ ఖాళీ మీద గాజు బిగించేస్తే ఎండ లోపలికి వస్తుంది, వేడి మాత్రం బయటికి పోదు. మే నెలలో ఆ హాలు చల్లబరచడానికి ఏసీ మీద ఏసీ పెట్టాలి.

వానా, దోమలూ, కోతులూ, దొంగలూ అని ఇంటివాళ్ళు చెప్పే భయాలు నిజమే. నేను చేసేదల్లా గాజుని ఒక అడుగు పైకి లేపడం. చుట్టూ ఆ అడుగు ఖాళీలో స్టీలు గ్రిల్, దోమల మెష్ వేసి, జల్లు కొట్టకుండా గాజుని బయటికి పొడిగిస్తాను. వేడి పక్కల నుంచి పోతుంది.

అపోహ: కాలేజీ ప్రాజెక్టులు ఊహలు, వాటికి బయట విలువ లేదు. త్రీడీ (కంప్యూటర్‌లో గీసే గది బొమ్మ) బాగా వస్తే ఉద్యోగం వచ్చేస్తుంది.

జూనియర్లు పంపే పోర్ట్‌ఫోలియోలు (తమ పనుల ఆల్బమ్‌లు) చూస్తుంటే టెన్షన్ వస్తుంది. అన్నిట్లో అదే బూడిదరంగు సోఫా, అదే గోడ మీద పొడుగు పలకలు, కిటికీ అవతల ఏ దేశపు చెట్లో. ప్లాన్ మీద కొలతలుండవు. ఆఫీసులో మా సీనియర్లు ఆ త్రీడీ బొమ్మల్ని గబగబా తిప్పేసి, కొలతలున్న ప్లాన్, ఒక సెక్షన్, ఎలక్ట్రికల్ లేఅవుట్, ఒక డ్రాయర్ ఎలా బిగుస్తుందో చూపే డీటెయిల్, సామాన్ల లెక్క ఉన్నాయా అని వెతికేవాళ్ళు.

నేను చేసిన కాలేజీ పనుల్లో ఇప్పటికీ నాకు పనికొస్తున్నది ఆత్రేయపురంలో పూతరేకులు చేసే గది. 2023లో ఆ పూతరేకులకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక అందరూ షాపు ముందుభాగం డిజైన్ చేయమంటారు గానీ నాకు వెనక గది మీదే మనసు పోయింది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పలచటి గుడ్డ పిండిలో ముంచి కుండ మీద ఒక్క విసురు విసిరితే క్షణంలో రేకు లేస్తుంది. రేకులు చేసే ఆవిడ దాన్ని తీసి పక్కన పేరుస్తుంది, మళ్ళీ గుడ్డ ముంచుతుంది. పొద్దస్తమానం అదే. ఫ్యాను వేసుకుందామా అంటే రేకులు ఎగిరిపోతాయి, మంట చెదురుతుంది. "ఫ్యానుంది గానండి, చూసుకోడానికేనండి" అని నవ్విందావిడ.

ఆ ఒక్క మాట నుంచే డిజైన్ అంతా వచ్చింది. మనిషి వెనక నేలకి దగ్గరగా గాలి లోపలికొచ్చే సందులు, పొయ్యికి సరిగ్గా పైన పొగగూడు, దాని పైన కప్పులో తెరిపి. మంట తన వేడితోనే పొగని పైకి లాక్కుపోతుంది, చల్లగాలి వెనక నుంచి మెల్లగా వస్తుంది, రేకు కదలదు. కూర్చోడానికి నడుముకి ఆనే చెక్క, రేకులు పేర్చే బల్ల చేతికందే ఎత్తున. కాలేజీలో ప్రాజెక్టులు చూసే జ్యూరీలో ఒకాయన "కాన్సెప్ట్ ఎక్కడ?" అన్నారు. ఇప్పుడు ఏ వంటింటి పని వచ్చినా ముందు ఆ ఇంటావిడ ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ చెమట పడుతుందో చూడటం నాకు అలవాటు. గట్టు ఎత్తు కూడా అలాగే. అందరికీ 33 అంగుళాలు వేసేస్తారు. మోచేయి మడిచి నిలబడమని చెప్పి, నేల నుంచి మోచేయి దాకా ఉన్న ఎత్తులోంచి నాలుగైదు అంగుళాలు తగ్గిస్తే ఆ మనిషికి సరైన ఎత్తు. ఐదడుగుల అత్తగారికీ పొడుగాటి కోడలికీ ఒకే గట్టు ఎలా అని అడక్కండి. ఎవరు ఎక్కువ వండితే వాళ్ళ కొలతే.

చేపలు కత్తిపీట మీద కూర్చుని తరిగే ఇంట్లో, పెరట్లో కింద ఒక కుళాయి, రాతి పలక లేకుండా ఓపెన్ కిచెన్ గీయకండి.

అపోహ: లైట్లు ఎంత ఎక్కువైతే షాపు అంత మెరుస్తుంది.

చీరల షాపులో కాసేపు కూర్చోండి. నచ్చిన చీర పట్టుకుని ఆడవాళ్ళు గుమ్మం దగ్గరికి నడుస్తారు, పగటి వెలుగులో రంగు చూసుకోడానికి. అంటే లోపలి లైట్లని వాళ్ళు నమ్మట్లేదు. సీలింగ్ నిండా 6500 కెల్విన్ తెల్లలైట్లు పెట్టినా, వాటి సీఆర్ఐ (రంగుని ఉన్నదున్నట్టు చూపే కొలత) తక్కువైతే మెరూన్ గోధుమరంగులా కనపడుతుంది. చీర పరిచే బల్ల మీద సీఆర్ఐ 90 దాటిన, 4000 కెల్విన్ (మరీ నీలం, మరీ పసుపు కాని తెలుపు) లైట్లు నాలుగు చాలు. ఉప్పాడ జాందానీలో పల్చటి రంగులు అప్పుడు తెలుస్తాయి.

అపోహ: డిజైనర్, ఆర్కిటెక్ట్ ఒకటే.

ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలంటే 1972 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్‌కి అలాంటి చట్టం లేదు, కార్డు ఎవరైనా కొట్టించుకోవచ్చు. కాబట్టి డ్రాయింగులు చూపించమనండి, పూర్తయిన ఇల్లు ఒకటి చూడండి. గోడ తీసేయమనో పిల్లర్ అడ్డమొచ్చిందనో అంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి.

అపోహ: వాస్తుకీ మాకూ పడదు.

పడుతుంది, స్లాబు వేయకముందు చెబితే. ఆగ్నేయంలో వంటిల్లు నాకెప్పుడూ అడ్డం రాలేదు. దక్షిణం కిటికీలు మూసేయమన్నప్పుడు మాత్రం బతిమాలతాను. కోనసీమలో వేసవి సాయంత్రం సముద్రపు గాలి వచ్చేది అటు నుంచే.

అపోహ: డిజైనర్ ఫీజు దండగ, కార్పెంటర్‌కి ఫొటో చూపిస్తే చేసేస్తాడు.

చేస్తాడు, చాలామంది మాకంటే చేయి తిరిగినవాళ్ళు. తేడా కోతలో ఉంటుంది. ప్లై షీట్ 8 అడుగులు పొడుగు, 4 అడుగులు వెడల్పు. వార్డ్‌రోబ్ లోతు రంపపు కోత పోను 24 అంగుళాల లోపు ఉంచితే ఆ వెడల్పులో రెండు పలకలు వస్తాయి. "ఇంకో రెండంగుళాలు పెంచు, దుప్పట్లు పడతాయి" అని 26 చేశారనుకోండి, ఒకటే వస్తుంది. 22 అంగుళాల ముక్క మిగులుతుంది, అది ఎక్కడికీ సరిపోక షెడ్డులో ఎండుతుంది. ఇంట్లో ఉన్న వార్డ్‌రోబులన్నిటికీ అదే లెక్క వేసుకోండి. కోతల జాబితా ముందే గీసిస్తే ఎన్ని షీట్లు కావాలో కొనకముందే తెలుస్తుంది, మిగిలిన ముక్కలు అటకకో చెప్పుల స్టాండుకో ముందే రాసిపెట్టి ఉంటాయి.

ఫీజు మాట్లాడేటప్పుడు మొహమాటం వద్దు. చదరపు అడుక్కా, మొత్తం మీద శాతమా, ప్లాన్ ఎన్నిసార్లు మారుస్తారు, సైటుకి ఎప్పుడెప్పుడు వస్తారు, సామాన్ల బిల్లు షాపు నుంచి నేరుగా మీ పేరు మీద వస్తుందా, 18 శాతం జీఎస్టీ అందులో కలిసిందా విడిగానా అని అడిగి, అడ్వాన్స్ ఇచ్చే ముందే రాయించుకోండి.