ఐజీజీ ప్యానెల్, పోషకాహార అసెస్‌మెంట్: అపోహలు - వాస్తవాలు

హోలిస్టిక్ న్యూట్రిషన్ కోర్సు ముగించుకుని క్లినికల్ అసెస్‌మెంట్ నేర్చుకోవడానికి మా దగ్గరకు వచ్చేవారు మొదట అడిగేది సలహా కోసం వచ్చినవారికి ఏ ల్యాబ్ పరీక్షలు రాసివ్వాలనే. ఆ జాబితాలో ముందుండేది ఫుడ్ ఇన్‌టాలరెన్స్ ప్యానెల్, అంటే ఏ ఆహారం పడదో చెబుతామంటూ రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీలను (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లను) కొలిచే పరీక్ష.

అపోహ: ఐజీజీ రిపోర్టులో ఎర్ర గడిలో ఉన్న పదార్థం ఒంటికి పడదు.

వాస్తవం: ఆహారంలోని ప్రోటీన్లకు ఐజీజీ, ముఖ్యంగా అందులో ఒక రకమైన ఐజీజీ4, రక్తంలో కనిపించడం ఆ పదార్థాన్ని మనం తింటున్నామనడానికి గుర్తే తప్ప అది పడదనడానికి రుజువు కాదు. రోగ నిర్ధారణకు దీన్ని వాడవద్దని ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనూ, కెనడా సంఘం 2012లోనూ స్పష్టం చేసినా ఇక్కడ ప్యాకేజీలు అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఒక తల్లి తన ఏడేళ్ల పాపను తీసుకొచ్చినప్పుడు చేతిలో రంగురంగుల రిపోర్టు ఉంది. ఎరుపులో ఉన్నవి పాలు, కోడిగుడ్డు, గోధుమ, కందిపప్పు, వేరుసెనగ. ఆకుపచ్చలో ఉన్నవి కివీ, సాల్మన్, అవకాడో. రోజూ పప్పన్నం, పెరుగన్నం తినే ఆ పిల్ల కివీని రుచి కూడా చూడలేదు కనుక రిపోర్టు అలా రాక మరెలా వస్తుంది? ఎర్ర గడిలోవన్నీ మాన్పించేసరికి పాప బరువు పెరగడం ఆగిపోయింది. "ఇన్నాళ్లూ నా చేత్తో నేనే విషం పెట్టానా మేడమ్?" అని ఆమె అడిగినప్పుడు, ఆమెను అంతగా భయపెట్టినవారి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

నష్టం అక్కడితో ఆగదు. గోధుమల్లోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి నిజంగా ఉందేమో చూసే టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష గోధుమలు తింటున్న రోజుల్లోనే చేయాలి; ప్యానెల్ చూసి ముందే గోధుమలు మాన్పిస్తే ఆ పరీక్ష నెగటివ్‌గా వచ్చి, అసలు జబ్బు మరుగున పడే ప్రమాదం ఉంది. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేది చాలామందిలో పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ అరగకపోవడం వల్ల. దానికీ యాంటీబాడీలకూ సంబంధమే లేదు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. వెంట్రుకల పరీక్షతో ఖనిజ లోపాలన్నీ తెలుస్తాయన్నది అపోహ: ఒకే మనిషి వెంట్రుకలను అమెరికాలోని ఆరు ల్యాబులకు పంపి 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. అరచేతిలో కడ్డీ పట్టించి విటమిన్లు లెక్కగట్టే యంత్రం గురించి చర్చ కూడా అనవసరం. హిమోగ్లోబిన్ బాగుంటే ఐరన్ లోపం లేనట్టే అన్నదీ తప్పే, ఎందుకంటే ముందు తరిగేది ఒంట్లో ఐరన్ నిల్వను సూచించే ఫెరిటిన్. అయితే జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి లోపాన్ని దాచేస్తుంది. జుట్టు కోసం వేసుకునే అధిక మోతాదు బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు కొన్ని పద్ధతుల్లో చేసే థైరాయిడ్ పరీక్షలను తారుమారు చేస్తాయి కాబట్టి, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ చూసేముందు ఏ మాత్రలు వాడుతున్నారో అడగాలి.

అసెస్‌మెంట్‌లో కష్టమైనది అడగడమే. నూనె ఎంత వాడతారంటే ప్రతి ఒక్కరూ "తక్కువేనండి" అంటారు. నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటారు, ఇంట్లో తినేవారు ఎందరు అని అడిగితే, నలుగురికి నాలుగు లీటర్లని తేలి, తలకు రోజుకు 33 మి.లీ. లెక్క వస్తుంది. నిన్న ఏం తిన్నారని అడిగేటప్పుడు గరిటె, గిన్నె ముందు పెట్టి చూపించమనాలి. మధ్యలో తాగిన టీ, అందులోని చక్కెర, పిల్లలు వదిలేస్తే తిన్న ముద్దలు రెండోసారి అడిగితేనే బయటికి వస్తాయి.

ఇప్పటికే ప్యానెల్ చేయించుకుని ఆహారం మానేసినవారు కంగారు పడనక్కరలేదు. ఏదైనా తిన్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చిన చరిత్ర ఉంటే అది ఐజీఈ అనే వేరే యాంటీబాడీ వల్ల వచ్చే అసలైన అలర్జీ కావచ్చు కాబట్టి, ఆ పదార్థాన్ని ఇంట్లో ప్రయోగించకుండా అలర్జీ వైద్యులను కలవాలి. అలాంటిదేమీ లేనప్పుడు, గోధుమలు మానేసినవారు సీలియాక్ పరీక్ష అవసరమా అని వైద్యులను అడిగి, మిగిలినవాటిని రెండు మూడు రోజులకు ఒకటి చొప్పున, బరువు గమనించుకుంటూ, మళ్లీ మొదలుపెట్టవచ్చు.