చుట్టినా ముడత పడని బొమ్మ

చిరంజీవులైన పిల్లలకు,
తాతయ్య ఆశీస్సులు.

జపాన్ ఇళ్ళలో గోడకి వేలాడే పొడుగాటి బొమ్మల గురించి మీలో చిన్నది పంపిన ప్రశ్న అందింది. "ఆ బొమ్మని గుండ్రంగా చుట్టి పెట్టెలో పెట్టేస్తారట కదా, విప్పితే ముడతలు పడవా? అద్దం బిగించి గోడకే ఉంచేయొచ్చు కదా?" అని. ప్రశ్న చిన్నదే గానీ, నిపుణులు జీవితమంతా కుస్తీ పట్టేది ఆ ముడతతోనే.

అద్దం సంగతి ముందు తేల్చేస్తాను. పాతకాలపు జపాన్ ఇంట్లో అతిథులు కూర్చునే గదిలో, గోడలోకి జరిగిన గూడు ఒకటి ఉంటుంది. దాన్ని తొకొనొమ అంటారు. అందులో ఒక్క బొమ్మే వేలాడదీస్తారు. వసంతం వస్తే పూల కొమ్మ, ఎండాకాలంలో జలపాతం, చలికాలంలో మంచు కొండ. కాలం మారితే బొమ్మ మారుతుంది, తీసిన బొమ్మ చుట్టుకుని చీకటి పెట్టెలోకి వెళ్తుంది. ఏడాది పొడవునా వెలుతురులో ఉన్న బొమ్మ రంగు వెలిసిపోతుంది, దుమ్ము పడుతుంది. అందుకని చుట్టి దాచడం దానికి విశ్రాంతి కూడా. ఈ వేలాడే చుట్టపటాన్ని కకెజికు అంటారు. దాన్ని కట్టే విద్య హ్యోగు, కట్టేవాడు హ్యోగుషి. క్యోటో నగరం ఈ పనికి పెట్టింది పేరు. అక్కడి హ్యోగుని 1997లో జపాన్ ప్రభుత్వం సంప్రదాయ కళగా గుర్తించింది.

ఒకటి గుర్తుంచుకోండి. మన చేర్యాల పటంలో బట్టకే గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆ బట్ట మీదే నకాశీలు కథంతా వేస్తారు. బొమ్మ, బట్ట ఒకటే. జపాన్‌లో అలా కాదు. చిత్రకారుడు పలచటి కాగితం మీదో, పట్టు మీదో బొమ్మ వేసి ఇస్తాడు. వేలాడే ఒడ్డూ పొడుగూ, నిలబడే బలం, చుట్టుకునే మెత్తదనం అన్నీ హ్యోగుషి తర్వాత కల్పించాలి.

అమ్మమ్మ పెళ్ళికి కట్టుకెళ్ళే పట్టుచీర తలుచుకోండి. బొమ్మని మనిషి అనుకోండి, చుట్టూ ఉన్నదంతా ఆవిడ కట్టుకున్న చీర. బొమ్మకి పైనా కిందా ఆనుకుని సన్నటి జరీ బట్ట పట్టీలు రెండు ఉంటాయి. వాటి పేరు ఇచిమొంజి. అదే జరీ అంచు. మొత్తం పటంలో అతి ఖరీదైన బట్ట అదే కాబట్టి కొంచెమే వాడతారు. పై పట్టీ కింది పట్టీకి దాదాపు రెట్టింపు వెడల్పు. దాని చుట్టూ నాలుగు వైపులా మధ్య బట్ట. ఆపైన, అడుగున సాదా బట్ట. ఇక్కడ కూడా పై భాగం కింది భాగానికి సుమారు రెట్టింపు. చాప మీద కూర్చుని తలెత్తి చూసేవాళ్ళకి అలా ఉంటేనే బొమ్మ సరైన చోట కనిపిస్తుంది. పై నుంచి రెండు సన్నటి పట్టీలు జడల్లా వేలాడతాయి, చివర్న దారపు కుచ్చులు, అవి జడకుప్పెలు. పూర్వం చైనాలో ఈ పట్టీలు గాలికి కదులుతుంటే పిచ్చుకలాంటి వాన కోయిలలు బెదిరి బొమ్మ మీద వాలేవి కావని చెబుతారు. అడుగున ఉండే గుండ్రటి కర్ర బరువుతో పటాన్ని కిందికి లాగి నిటారుగా నిలబెడుతుంది. చీరకి ఫాల్ చేసే పనే అది. ఆ కర్ర రెండు చివర్లా పింగాణీవో, లక్క పూసిన చెక్కవో, స్ఫటికానివో గుబ్బలు ఉంటాయి. చెవి కమ్మలన్నమాట. చుట్టేటప్పుడు పట్టుకోవలసింది వాటినే, బొమ్మని కాదు.

ఇదంతా ముందు వైపు. అసలు విద్య వెనక వైపు ఉంది.

మొదట రంగుల పరీక్ష. తడి గుడ్డ మూలతో ఒక్కో రంగునీ అద్ది చూస్తారు. పాత సిరా కదలదు గానీ, ఎర్ర ముద్ర, కొత్త రంగులు కారిపోవచ్చు. ఊడే రంగుకి ముందు పలచటి జంతు జిగురు పట్టించి ఆరనిస్తారు. ఇది దాటేస్తే తర్వాత ఎంత నేర్పున్నా బొమ్మ దక్కదు.

తరువాత బొమ్మని బోర్లా పరిచి, తడిపి, బ్రష్షుతో ముడతలు తీసి, వెనక మొదటి కాగితం అంటిస్తారు. ఇది మినొ ప్రాంతపు పలచటి కాగితం, కోజో అనే మొక్క బెరడు పీచుతో చేసినది. దాని మీద నారా దగ్గర యోషినొలో తయారయ్యే మిసు కాగితం. అందులో గవ్వల పొడి కలుస్తుంది, దాంతో మెత్తగా ఉంటుంది. అన్నిటికన్నా వెనక ఉదా కాగితం. అందులో తెల్లమట్టి కలుపుతారు, కాగితం బెసగకుండా, చుట్టుకుని ఉండేలా. చుట్టూ ఉండే బట్ట ముక్కలకి కూడా ఇలాగే విడివిడిగా కాగితం వేసి, బొమ్మతో సమానమైన మందానికి తెచ్చాకే అన్నిటినీ కలుపుతారు. ఒక ముక్క మందం, పక్కది పలచన అయితే తేమకి ఒకటి ఎక్కువ సాగి, ఇంకొకటి తక్కువ సాగి అతుకు దగ్గర గుంజుకుపోతుంది. అతుకు వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లే.

కాగితాన్ని కత్తెరతో కత్తిరించరని గమనించండి. కొలత దగ్గర నీటి గీత గీసి, మెల్లిగా లాగి చింపుతారు. అప్పుడు అంచున పీచు జుత్తులా నిలుస్తుంది, అతుకు మీద మెట్టు ఉండదు. కత్తెర అంచు అయితే సన్నటి మెట్టు మిగులుతుంది. చుట్టిన ప్రతిసారీ బొమ్మ అక్కడే విరుగుతుంది. ముడత పుట్టేది ఇలాంటి చోటే.

ఇప్పుడు జిగురు. మా చిన్నప్పుడు సినిమా పోస్టర్లు అంటించడానికి, పుస్తకాలకి అట్టలు వేయడానికి మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవారు. ఎండాక అట్ట చెక్కలా గట్టిపడేది, అదే గొప్ప అనుకునేవాళ్ళం. హ్యోగుషి దానికి దణ్ణం పెట్టి పక్కన పెడతాడు. గోధుమ పిండిని నీళ్ళలో పిసికి, జిగట భాగం తీసేసి, అడుగున పేరుకునే పిండిని మాత్రమే వాడతాడు. ఒక పాలు పిండికి సుమారు నాలుగు పాళ్ళ నీళ్ళు పోసి, ఆపకుండా కలుపుతూ ఉడికించి, చల్లారాక జల్లెడ పడతాడు. ఇది తాజా జిగురు. మొదటి కాగితానికీ, అతుకులకీ, కర్ర దగ్గరికీ ఇదే వాడాలి. అక్కడ బలం కావాలి.

మిగతా పొరలకి మాత్రం ముసలి జిగురు, ఫురునొరి. జనవరి నెలాఖరు గడ్డ చలిలో పిండి ఉడికించి జాడీల్లో పోసి, పైన నీళ్ళు నింపి, మూత పెట్టి చల్లటి చీకట్లో పదేళ్ళు ఉంచుతారు. ఏటా చలికాలంలో పైన పేరుకున్న బూజు తీసేసి నీళ్ళు మారుస్తారు. పదేళ్ళకి ఆ జిగురు చాలా బలహీనపడుతుంది. పిండిలో పొడవాటి గొలుసుల్లా ఉండే భాగాలు చిన్న ముక్కలైపోతాయి. వాడేటప్పుడు నీళ్ళు కలిపి పలచటి పాలలా చేస్తారు. అంటించడానికని పదేళ్ళు దాచి, చివరికి సరిగ్గా అంటనిది తయారు చేసుకోవడం ఏమిటి అంటారేమో.

అమ్మమ్మ నూలు చీరకి గంజి పెట్టడం చూశారుగా? గంజి ఎక్కువైతే చీర అట్టలా నిలబడుతుంది, మడత పెట్టిన చోట గీత పడిపోతుంది. ఇదీ అంతే. గట్టి జిగురుతో నాలుగు పొరలు బిగిస్తే పటం అట్టముక్క అవుతుంది, చుట్టగానే విరుగుతుంది. బలహీనమైన జిగురైతే పొరలు ఒకదాని మీద ఒకటి రవ్వంత జరగగలుగుతాయి, తేమ వచ్చినప్పుడు సాగి, పోయినప్పుడు తగ్గి సర్దుకుంటాయి.

ఇంత పలచటి జిగురుతో కాగితాలు ఎలా నిలుస్తాయంటారా? తాటిజాతి చెట్టు పీచుతో కట్టిన బరువైన బ్రష్షు ఉంది, ఉచిబకె అని. దానితో వెనక నుంచి వరసలు వరసలుగా, ఒకే బలంతో కొడతారు. కాగితం పీచు ఒకదానిలోకి ఒకటి దిగి అల్లుకుంటుంది. చేయి బరువైతే చిల్లు పడుతుంది, తేలికైతే పొర ఊడి బుడగ లేస్తుంది. తొందరపడే వాడికి ఈ పని రాదు. మీలో ఒకడి హోమ్‌వర్క్ చూస్తే నాకు ఈ మాట తప్పకుండా గుర్తొస్తుంది, పేరు చెప్పను.

ఆరబెట్టడానికి ప్రత్యేకంగా పలక ఉంటుంది, కరిబరి అని. చెక్క చట్రం మీద కాగితాలు చాలా పొరలు వేసి, పచ్చి పెర్సిమన్ కాయల వగరు రసం పూస్తారు. పెర్సిమన్ మన తునికి చెట్టుకి దాయాది, ఒకే జాతి. ఆ రసం పూసిన పలక నీళ్ళు పీల్చదు గానీ గాలి ఆడనిస్తుంది. తడి పటం అంచుకి మాత్రమే, ఒక సెంటీమీటరు మేర జిగురు రాసి పలకకి అతికిస్తారు. ఆరేకొద్దీ పటం బిగుసుకుని చదునవుతుంది. గది మరీ పొడిగా ఉండి త్వరగా ఆరితే బొమ్మే చీలిపోవచ్చు. ఒక మూల చిన్న కాగితం ముక్క దోపి ఉంచుతారు. తీసేటప్పుడు అక్కడి నుంచే వెదురు బద్ద లోపలికి పోనిచ్చి అంచు విడదీస్తారు. ముందు ఒక వైపు, తర్వాత తిప్పి రెండో వైపు, వారాలు కొన్నిసార్లు నెలలు ఆరనిస్తారు. తేమ రోజులూ పొడి రోజులూ రెండూ చూస్తేనే పటం నెమ్మదిస్తుంది.

ఆరాక ఒక పురుగు చేసే తెల్ల మైనం వెనక రాసి, గాజు పూసల దండతో రుద్దుతారు. వెనక నున్నబడుతుంది, చుట్టినప్పుడు ముందు వైపుని గీకదు. ఆ తర్వాతే కర్రలు, తాడు.

ముడత పడనే పడదా అంటే, పడుతుంది. రంగు మందంగా వేసిన బొమ్మని బిగుతుగా చుడితే పెచ్చు రాలుతుంది. అలాంటి వాటి కర్రకి కిరి అనే చెట్టు తేలికైన చెక్కతో చేసిన లావు గొట్టం తొడుగుతారు, వంపు విశాలమవుతుంది. ముడత మొదలైన చోట వెనక రెండు మూడు మిల్లీమీటర్ల సన్న కాగితం పట్టీ అంటిస్తారు. అది కూడా చాలనప్పుడు, వందేళ్ళకోసారి, వెనక పొరలన్నీ నీటితో తడిపి పట్టకారుతో కొంచెం కొంచెం తీసేసి కొత్తగా కడతారు. చీర మారుతుంది, మనిషి అలాగే ఉంటుంది. నీటికి ఊడే జిగురే ఎందుకో ఇప్పుడు మీకే తెలిసిపోయింది. ఈ రోజుల్లో యంత్రంతో వేడి పెట్టి ప్లాస్టిక్ పొర అంటించే పద్ధతి కూడా ఉంది, గంటల్లో పని అయిపోతుంది. అయితే తర్వాత విప్పడం కుదరదు. మంచి బొమ్మకి అది చేయించకూడదని నా అభిప్రాయం. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కూడా తూర్పు ఆసియా చిత్రాలు బాగుచేసే పనిగది ఉంది, అక్కడ కూడా ఇదే గోధుమ జిగురు.

ఎప్పుడైనా ఇలాంటి పటం చేతికిస్తే వర్షం పడే రోజు విప్పకండి. ముందు తాడు మేకుకి తగిలించి, చుట్టని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా కిందికి దించండి. చుట్టేటప్పుడు అడుగు నుంచి మొదలుపెట్టి, వదులుగానే చుట్టండి. సరిగ్గా రాకపోతే అంచులు గుంజి సరిచేయకండి, మళ్ళీ విప్పి మొదటి నుంచి చుట్టండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఒకే కొలత న్యూస్‌పేపర్ ముక్కలు ఆరు తీసుకోండి. మూడింటిని మైదా జిగురు దట్టంగా రాసి ఒకదాని మీద ఒకటి అంటించండి. మిగతా మూడింటికి అదే జిగురులో ఆరు రెట్లు నీళ్ళు కలిపి, బ్రష్షుతో పలచగా రాసి, మెత్తటి గుడ్డ చుట్టిన చేత్తో తడుతూ అంటించండి. రెండు రోజులు నీడన ఆరనిచ్చి, రెండింటినీ చపాతీ కర్ర చుట్టూ చుట్టి, విప్పి చూడండి. గీత ఎక్కడ పడిందో, అంచు ఏ వైపుకి లేచిందో రాసి పంపండి. పలచగా రాసినది ఊడిపోతే ఊడిపోయిందని కూడా రాయండి, ఎక్కడ తట్టడం తక్కువైందో అక్కడే చూడాలి.

మీ
తాతయ్య