వర్చువల్ డిస్కుల క్యాష్: ‘రైట్‌త్రూయే భద్రం’ అన్న మాట ఎక్కడ పుట్టింది?

వర్చువల్ మెషీన్‌లో డిస్క్ నెమ్మదిగా ఉందంటే చాలామంది ముందుగా మార్చి చూసేది క్యాష్ మోడ్, అంటే డిస్కుకు వెళ్లే డేటాను దారిలో ర్యామ్‌లో ఎలా ఉంచాలన్న సెట్టింగ్. దాంతోపాటే ‘రైట్‌బ్యాక్ ప్రమాదం, రైట్‌త్రూయే భద్రం’ అన్న హెచ్చరికా వినిపిస్తుంది. రైట్‌బ్యాక్‌లో డేటా ర్యామ్‌లో పడగానే రాత అయినట్టు లెక్క, రైట్‌త్రూలో డిస్కును చేరాకే. ఒకప్పుడు అది అక్షరాలా నిజం.

వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం 2007లో లినక్స్ 2.6.20తో కెర్నెల్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాది 2.6.24తో వర్ట్ఐఓ డ్రైవర్లు వచ్చాయి: వర్చువల్ మెషీన్‌కూ (గెస్ట్) అది నడిచే అసలు కంప్యూటర్‌కూ (హోస్ట్) మధ్య డేటాను వేగంగా చేరవేసేవి. అప్పటి వర్ట్ఐఓ బ్లాక్ (డిస్క్) డ్రైవర్‌లో ఫ్లష్, అంటే క్యాష్‌లో ఉన్నది డిస్కుకు చేర్చమనే ఆదేశమే లేదు. గెస్ట్‌లోని డేటాబేస్ తన డేటాను డిస్కుకు చేర్చమని ఎఫ్‌సింక్ పిలిచినా ఆ కోరిక హోస్ట్ దాకా వెళ్లేది కాదు. డేటా హోస్ట్ ర్యామ్‌లో పడగానే ‘రాయడం అయింది’ అని జవాబు వచ్చేది. ఆ క్షణాన హోస్ట్‌కు కరెంటు పోతే కమిట్ అయిన లావాదేవీలూ పోయేవి.

అందుకే, కేవీఎంతో కలిసి గెస్ట్‌కు డిస్కుల వంటి పరికరాలను అందించే ప్రోగ్రామ్ క్యూఈఎంయూ, 2009లో వచ్చిన 0.10 వెర్షన్‌లో రైట్‌త్రూను డిఫాల్ట్ చేసింది. ప్రతి రాతా డిస్కును చేరాకే గెస్ట్‌కు జవాబు. భద్రతకు తగ్గ మూల్యం ఉంది: నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. చిన్న చిన్న రాతలు ఒక్కొక్కటిగా వస్తే సెకనుకు వంద చుట్టుపక్కలే ఆగిపోతాయి. క్యూకౌ2 ఇమేజ్‌ల (వర్చువల్ డిస్కును ఫైల్‌గా దాచే క్యూఈఎంయూ ఫార్మాట్) మీద ఆ భారం మరీ ఎక్కువ కావడంతో వాటికి మాత్రం రైట్‌బ్యాక్‌నే ఉంచారు.

అదే ఏడాది లినక్స్ 2.6.32లో వర్ట్ఐఓకు ఫ్లష్ వచ్చింది. అసలు మలుపు ఇదే. గెస్ట్ అడిగినప్పుడు హోస్ట్ నిజంగా డిస్కుకు చేరుస్తోందంటే, రైట్‌బ్యాక్‌లో కరెంటు పోతే పోయేది గెస్ట్ ఇంకా ఫ్లష్ చేయనిదే. మామూలు కంప్యూటర్‌లోనూ అంతే. 2012లో క్యూఈఎంయూ 1.2 రైట్‌బ్యాక్‌ను డిఫాల్ట్ చేసింది. ఫ్లష్ తెలియని పాత డ్రైవర్ ఉన్న గెస్ట్ వస్తే వర్ట్ఐఓ బ్లాక్ పరికరం తనంతట తానే రైట్‌త్రూకు మారుతుంది. కారణం తీరిపోయినా హెచ్చరిక మాత్రం మిగిలింది. నిజంగా భయపడాల్సిన మోడ్ ‘అన్‌సేఫ్’: అది ఫ్లష్‌ను పట్టించుకోదు. పారేసే టెస్ట్ మెషీన్లకు తప్ప వాడకూడదు.

‘నన్’ (ఏదీ లేదు) అన్న మోడ్ గురించి ఇంకో అపోహ ఉంది. అది క్యాష్ అన్నదే లేకుండా చేయదు. ఓ-డైరెక్ట్ అనే లినక్స్ ఆప్షన్‌తో హోస్ట్ పేజ్ క్యాష్‌ను (హోస్ట్ ర్యామ్‌లోని క్యాష్‌ను) మాత్రమే దాటిపోతుంది, డిస్కు సొంత క్యాష్ అలాగే ఉంటుంది. కాబట్టి ఇక్కడా ఫ్లష్ అవసరమే. దీని లాభం వేరే చోట ఉంది. ఒకే డేటా గెస్ట్ ర్యామ్‌లోనూ హోస్ట్ ర్యామ్‌లోనూ రెండుసార్లు కూర్చోదు, నేటివ్ ఏఐఓ (ఒక పని ముగిసేదాకా ఆగకుండా డిస్కుకు మరిన్ని పనులు పంపే లినక్స్ పద్ధతి) వాడుకోవచ్చు. ర్యామ్ బిగుతుగా ఉన్న హోస్ట్‌లో మొదట ప్రయత్నించాల్సింది ఇదే. రెండు రకాల క్యాష్‌నూ నమ్మకుండా ప్రతి రాతా డిస్కు చేరేదాకా ఆగాలంటే ‘డైరెక్ట్‌సింక్’ ఉంది.

మోడ్ ఏదైనా వేగం రాకపోతే, ఇమేజ్ క్యూకౌ2 అయితే, ఇమేజ్‌లో ఏ డేటా ఎక్కడుందో చెప్పే ఎల్2 పట్టికల క్యాష్ చూడాలి. ఇమేజ్‌లోని ఒక్కో క్లస్టర్ (డేటా ముక్క) మామూలుగా 64 కేబీ, దాని చిరునామాకు 8 బైట్లు. అంటే 1 ఎంబీ క్యాష్ 8 జీబీ డిస్కుకే సరిపోతుంది. క్యూఈఎంయూ 3.1 వెర్షన్‌కు ముందు డిఫాల్ట్ అంతే. అందువల్ల 200 జీబీ ఇమేజ్ మీద చెల్లాచెదురుగా చదివితే డేటా కోసం వెళ్లే ముందు పట్టిక కోసమూ డిస్కుకు వెళ్లాల్సి వచ్చేది. 2018 చివర్లో వచ్చిన 3.1 లినక్స్ హోస్టుల మీద ఈ పరిమితిని 32 ఎంబీ చేసింది, అది 256 జీబీకి చాలు. అంతకంటే పెద్ద ఇమేజ్‌కు ఎల్2 క్యాష్‌ను చేత్తో పెంచుకోవాలి, లేదా ఇమేజ్‌ను పెద్ద క్లస్టర్లతో సృష్టించాలి.

కొలవడంలోనూ పొరపాటు సులువు. డేటా కాపీ చేసే డీడీ కమాండ్‌ను ఊరికే నడిపితే వచ్చే అంకె గెస్ట్ ర్యామ్ వేగం. డిస్కు వేగం కొలిచే ఎఫ్‌ఐఓలో, గెస్ట్ క్యాష్‌ను దాటిపోయే డైరెక్ట్ ఆప్షన్ పెట్టి, 4 కేబీ బ్లాకులతో, డిస్కు మీద జరిగే అసలు పనికి తగ్గ క్యూ లోతుతో (ఒకేసారి వరుసలో ఉండే పనుల సంఖ్యతో) కొలవాలి. డేటాబేస్ కోసమైతే ప్రతి రాత తర్వాత, ఎఫ్‌సింక్ లాంటిదే అయిన ఎఫ్‌డేటాసింక్ కూడా పెట్టాలి, లేకపోతే ఫ్లష్ ఖర్చు లెక్కలోకే రాదు.