కాన్ఫిగ్ ఫైలు చదవడం: సీ ప్రోగ్రామర్ల అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో రొయ్యల కోల్డ్ స్టోరేజీలకు కంట్రోలర్లు తయారుచేసే టీములతో నా పని. కొత్తగా చేరినవాళ్లకు కాన్ఫిగ్ ఫైలు (ప్రోగ్రాం సెట్టింగులు రాసుకునే ఫైలు) అంటే చిన్నచూపు. వాళ్ల నోట తరచూ వినిపించే మాటలివి.

అపోహ: లైబ్రరీ (ఫైలు చదివిపెట్టే రెడీమేడ్ కోడ్) మన ఫైలును ఎర్రర్ లేకుండా చదివితే విలువలన్నీ వచ్చేసినట్టే.

వాస్తవం: లైబ్రరీ చూసేది రాత తీరు వరకే. బ్రాకెట్ మూశారా, కోట్స్ సరిపోయాయా, అంతే. లిబ్‌కాన్ఫిగ్ అనే లైబ్రరీనే తీసుకోండి. గడ్డకట్టిన సరుకు కోసం గది ఉష్ణోగ్రత ఫైల్లో -18.0 అని ఉంది. సైటులో ఎవరో దాన్ని -20 చేశారు. మనకది మామూలు అంకె. లిబ్‌కాన్ఫిగ్‌కి మాత్రం పూర్ణాంకం, ఫ్లోట్ (దశాంశ సంఖ్య) కాదు. ఒక టైపును ఇంకో టైపుగా మార్చే ఆటోకన్వర్ట్ ఆప్షన్ మనంతట మనం ఆన్ చేయకపోతే, విలువ తెచ్చే కాన్ఫిగ్_లుకప్_ఫ్లోట్ ఫంక్షన్ ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది, వేరియబుల్‌ని ముట్టుకోదు. అందులో ముందే 0 పెట్టి ఉంటే గది సున్నా డిగ్రీల దగ్గరే ఆగుతుంది. లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. సరుకు మెత్తబడ్డాకే టెన్షన్ మొదలు.

రిటర్న్ విలువ చూడడం కనీస ధర్మం, కానీ అదొక్కటీ చాలదు. కీ (సెట్టింగ్ పేరు) లేకపోయినా ఫాల్సే, టైపు కుదరకపోయినా ఫాల్సే. ముందు కాన్ఫిగ్_లుకప్‌తో ఆ సెట్టింగ్ ఉందో లేదో చూడండి. లేకపోతే డిఫాల్ట్ వాడొచ్చు. ఉండి కూడా టైపు తేడా వస్తే ప్రోగ్రాం అక్కడే ఆగాలి. ఇందులో నేను మొహమాటపడను. ఎవరైనా -180.0 అని కొడితే? లైబ్రరీ మారుమాట్లాడకుండా తెచ్చిస్తుంది. హద్దులు పెట్టాల్సింది మనమే.

అపోహ: లిబ్‌కాన్ఫిగ్‌లో కాన్ఫిగ్_లుకప్_స్ట్రింగ్ ఇచ్చిన పాయింటర్‌ని వాడాక ఫ్రీ చేయాలి.

వాస్తవం: వద్దు, ఆ మెమరీ లైబ్రరీది. ఆ మెమరీని వదిలేసే కాన్ఫిగ్_డిస్ట్రాయ్ తర్వాత కూడా కావాలంటే స్ట్ర్‌డప్‌తో కాపీ తీసుకోండి.

అపోహ: సీలో సున్నా అంటే సక్సెస్, ఎక్కడైనా అంతే.

వాస్తవం: ఐఎన్ఐహెచ్ అనే ఇంకో లైబ్రరీలో ఫైలు చదివే ఇని_పార్స్ సక్సెస్‌కి 0 ఇస్తుంది నిజమే. ఒక్కో కీకి లైబ్రరీ పిలిచే, మనం రాసిచ్చే హ్యాండ్లర్ ఫంక్షన్ మాత్రం సక్సెస్‌కి సున్నా కాని విలువ ఇవ్వాలి. అలవాటుగా 0 ఇచ్చారంటే శుభ్రంగా ఉన్న ఫైల్లోనూ మొదటి కీ ఉన్న లైను నంబరే ఎర్రర్‌గా తిరిగొస్తుంది.

అపోహ: "పార్స్ ఎర్రర్" అని ప్రింట్ చేస్తే చాలు.

వాస్తవం: ఆ మాట గాజువాక నుంచి ఫోన్ చేసే టెక్నీషియన్‌కి దేనికి పనికొస్తుంది? లిబ్‌కాన్ఫిగ్‌లో కాన్ఫిగ్_ఎర్రర్_లైన్ తప్పున్న లైను నంబరు ఇస్తుంది. 14వ లైను అని స్క్రీన్ మీద కనిపిస్తే ఆయనే ఫైలు తెరిచి సరిచేసుకుంటాడు.