సైబీరియా కొంగలు, కుట్టే తూనీగలు: చెరువు కట్ట మీద వినే అపోహలు

హనుమకొండలో ఉంటూ పద్దెనిమిదేళ్ళుగా ఆదివారం పొద్దున చెరువుల వెంట తిరుగుతున్నాను. మొదట్లో ఒక్కణ్ణే. ఇప్పుడు పదీ పదిహేను మంది వెంట వస్తారు, సగం మంది బడిపిల్లలు. వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్, తీరిక దొరికితే రామప్ప, పాకాల. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి వారం కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. వాటిలో కొన్ని నేనూ ఒకప్పుడు నమ్మినవే. నమ్మడమే కాదు, నలుగురికీ చెప్పినవే.

అపోహ: చలికాలంలో చెరువు మీద కనిపించేవన్నీ సైబీరియా పక్షులు

ముందు నా పరువు పోయిన సంగతి చెప్తాను. చాలా ఏళ్ళ కింద ఒక చెరువు దగ్గర ఈల వేసినట్టు కూసే గోధుమరంగు బాతుల గుంపును చూపించి, ఇవి సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చాయని పిల్లలకు గొప్పగా చెప్పాను. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దాయన తలెత్తి, "ఎక్కడి సైబీరియా సారూ, వానకాలంల ఇవి ఈ జమ్ములనే పిల్లల్ని చేస్తయి. మేం రోజూ చూస్తం గదా" అన్నాడు. ఆయన చెప్పిందే నిజం. అవి విజ్లింగ్ డక్స్, పక్కా లోకల్.

ఆ రోజు నుంచి నేను పాటించే లెక్క ఒకటుంది. గూడు కనిపిస్తే అది వలస చుట్టం కాదు. చలికాలం మన దగ్గర గడిపే వలస పక్షులు గుడ్లు పెట్టేది ఎండాకాలంలో, ఉత్తరాన తమ సొంత చోట. ఇక్కడికి వచ్చేది తినడానికి, బతకడానికి. ఊళ్ళో చింతచెట్ల మీద గుంపుగా గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలను, నత్తగుల్ల కొంగలను మనవాళ్ళు సైబీరియా కొంగలంటారు, విదేశీ అతిథులంటారు. అవి ఈ దేశపు పక్షులే. నీళ్ళూ మేతా ఎక్కడుంటే అక్కడికి జిల్లాలు, రాష్ట్రాలు దాటి వెళ్తాయి, అంతే. అసలు సైబీరియా కొక్కెర అనే పక్షి వేరే ఉంది. మన దేశంలో అది చలికాలం గడిపిన చివరి చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్. 2002 తర్వాత అక్కడా కనిపించలేదు.

మరి నిజంగా దూరం నుంచి వచ్చేవి లేవా అంటే, ఉన్నాయి. సూది లాంటి తోక ఉండే పిన్‌టెయిల్, గరిటె లాంటి ముక్కుతో నీళ్ళను జల్లెడ పట్టే షవలర్, గార్గనీ, ఎర్రతల పోచార్డ్ బాతులు. బురదలో తోక ఆడిస్తూ నడిచే ఉల్లంకులు, జిట్టంగులు. నెత్తి మీద రెండు నల్ల గీతలుండే బార్ హెడెడ్ గూస్ అయితే లడఖ్, టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు ట్రాన్స్‌మిటర్లు కట్టి చూసినవాళ్ళు లెక్క తేల్చారు. ఇవన్నీ చలికి భయపడి వస్తాయనడం సగం నిజమే. ఈకల కింద మెత్తటి నూగు ఉన్న బాతుకు చలి పెద్ద లెక్కలోది కాదు. నీళ్ళు గడ్డకడితే కింద ఉన్న తిండి అందదు, పురుగూ దొరకదు. వాటిని కదిలించేది ఆకలి.

ఇంకో మాట. వలస పక్షి అనగానే అందరూ చెరువు వైపే చూస్తారు. మీ పెరట్లో మందార పొద ఉంటే జనవరిలో ఒకసారి చెవి పెట్టండి. ఎవరో నాలుకతో చప్పరించినట్టు "చక్, చక్" అని వినిపిస్తే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టిరంగు, పది పన్నెండు గ్రాముల బరువు, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చిన పిట్ట. దాని ఫొటో ఎవరూ స్టేటస్ పెట్టుకోరు.

అపోహ: చెరువు నిండా నీళ్ళుంటే పక్షులు ఎక్కువ, కట్ట మీద నిలబడితే అన్నీ కనిపిస్తాయి

మన కాకతీయుల కాలపు చెరువుల తీరు తెలిస్తే ఈ మాట అనరు. రెండు మిట్టల మధ్య పల్లానికి అడ్డంగా కట్ట పోసి నీళ్ళు ఆపారు. కాబట్టి కట్ట దగ్గర లోతు, అటు శిఖం (ఎగువన నీళ్ళు పరుచుకునే చెరువు నేల) వైపు పోనుపోను పలచన. కట్ట దగ్గర ఉండేవి మునిగి తినేవి: నీటికాకులు, బుడుబుంగలు, పోచార్డులు. తల కిందికీ తోక పైకీ పెట్టి మేసే పిన్‌టెయిళ్ళకు మోకాటి లోతు నీళ్ళు చాలు. ఉల్లంకులకైతే బురద కావాలి. అవన్నీ శిఖం వైపే. మనం మాత్రం బండి పార్క్ చేయడానికి వీలుగా ఉందని కట్ట మీదే నిలబడి, పక్షులు రాలేదని ఇంటికి పోతాం.

వానలు బాగా పడి చెరువు మత్తడి దుంకిన ఏడాది నవంబరులో నాకు పక్షులు తక్కువే కనిపిస్తాయి. ప్రతి కుంటలో నీళ్ళుంటే అవి ఒక్కచోట ఎందుకు చేరతాయి? యాసంగి నాట్లకు తూము తీశాక నీళ్ళు తగ్గి అంచున బురద తేలుతుంది. జనవరి చివర, ఫిబ్రవరిలో అసలు సందడి అప్పుడు. నాట్ల కోసం మడి దున్నుతుంటే ట్రాక్టర్ వెనక తెల్లకొంగలతో పాటు జిట్టంగులు కూడా పరుగెడతాయి. చెరువు దాకా పోకుండా అక్కడే గంట గడిపిన రోజులున్నాయి.

అందుకే చుట్టూ నిలువు గోడ కట్టి, లైట్లు పెట్టి, గిన్నెలా లోతు చేసిన చెరువును చూస్తే నాకు దిగులేస్తుంది. పూడిక తీయడం తప్పు కాదు, చెరువుకు అది అవసరం. ఒక పక్కన్నా వాలుగా వదిలేయాలి.

అపోహ: మొదట ఆడబాతులే వస్తాయి, మగవి తర్వాత వస్తాయి

అక్టోబరులో దిగిన బాతులన్నీ ఒకే మట్టిరంగులో ఉంటాయి కాబట్టి ఇలా అనుకుంటారు. మగవి వచ్చే ఉంటాయి. గుడ్ల కాలం అయ్యాక అవి రంగు ఈకలు రాల్చి ఆడవాటిలా తయారవుతాయి. డిసెంబరు, జనవరికి మళ్ళీ రంగు తేలుతుంది. బాతుల్ని గుర్తుపట్టడం నేర్చుకునేవాళ్ళు జనవరిలో మొదలుపెడితే సగం తలనొప్పి తగ్గుతుంది.

అపోహ: జక్కవలు రాత్రి విడిపోయి ఏడుస్తాయి, తీతువు అరిస్తే కీడు

జక్కవల జంట రాత్రయితే ఎడబాటుతో విలపిస్తుందని మన కవులు వందల ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చారు. ఆ జక్కవ నారింజ రంగు బాతు, రడ్డీ షెల్‌డక్, చలికాలపు వలస చుట్టమే. జంటలు జంటలుగానే తిరుగుతాయి. రాత్రిపూట కూడా మేతకు పోతాయి. చీకట్లో కాస్త ఎడంగా మేస్తూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. అటు ఒడ్డు నుంచి ఒక కూత, ఇటు నుంచి ఒక కూత. కవికి ఏడుపులా వినిపించిందంటే తప్పు పట్టను.

తీతువు సంగతి వేరు. దాని మీద మనకు జాలి కూడా లేదు. ఇంటి మీదుగా అరుస్తూ పోతే ఎవరికో మూడిందంటారు. ఆకాశం మీద పడుతుందని కాళ్ళు పైకెత్తి పడుకుంటుందని కూడా అంటారు. నేను చూసిన ఏ తీతువూ వెల్లకిలా పడుకోలేదు. అది గుడ్లు పెట్టేది ఉత్త నేల మీద, రాళ్ళ మధ్య, మామూలుగా నాలుగు. గూడంటూ ఉండదు. మనిషో కుక్కో నక్కో దగ్గరికొస్తే అరిచి గోల చేయడమే దానికున్న కాపలా. రాత్రి కూడా మెలకువగా తిరుగుతుంది కాబట్టి రాత్రి కూడా అరుస్తుంది. అరిచిందంటే కీడు వస్తున్నది దానికి, మనకు కాదు.

అపోహ: చలికాలంలో పురుగులుండవు, తూనీగ కుడుతుంది

పురుగులు చూడటం నేర్చుకోవడానికి నాకు తెలిసి చలికాలం పొద్దునను మించిన సమయం లేదు. వాటికి సొంత వేడి తక్కువ. ఒళ్ళు వెచ్చబడితే గాని ఎగరలేవు. డిసెంబరులో ఏడు గంటలకు చెరువు గట్టున గడ్డి కదిలించకుండా చూడండి. తూనీగలు మంచుబొట్లతో గడ్డిపోచలకు వేలాడుతుంటాయి. జానెడు దూరంలో కూర్చున్నా కదలవు. మామూలు ఫోనుతో రెక్కల నరాలన్నీ ఫొటో తీయొచ్చు. ఎండ ఎక్కాక, తొమ్మిది దాటితే, ఇక మీకు దొరకవు. అప్పుడు జిల్లేడు పొదల దగ్గరికి పోండి. నారింజ రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది అక్కడే. జనుము వేసిన చేను దొరికితే అదృష్టం: ఆ మొక్కల రసంలోని చేదు కోసం మగ సీతాకోకలు గుంపులుగా ముసురుతాయి. ఆ చేదునే ఒంట్లో దాచుకుని పిట్టల నోటికి రుచించకుండా తయారవుతాయి, ఆడవాటిని పిలిచే వాసన కూడా దాంతోనే.

తూనీగకు కొండి లేదు. తోక చివర ఉన్నవి మగది ఆడదాన్ని పట్టుకునే కొక్కేలు. పెద్దదాన్ని చేత్తో బిగించి పట్టుకుంటే నోటితో చిన్నగా కొరుకుతుంది, తప్పు మనదే. దాని పిల్లలు నీళ్ళలో పెరుగుతూ దోమ పిల్లల్ని తింటాయి. సీతాకోకచిలుక రెక్కల పొడి కంట్లో పడితే చూపు పోతుందన్నది కూడా ఉత్తిదే. ఆ పొడి రెక్కల మీది పొలుసులు. కంట్లో పడితే దుమ్ము పడ్డట్టు నలత, అంతే. అయినా పట్టుకోవద్దనే పిల్లలకు చెప్తాను, పొలుసులు పోతే నష్టం దానికి.

సద్దుల బతుకమ్మ నాటికి చెరువు గట్ల మీద ఎక్కడా వాలకుండా గుంపులుగా తిరిగే పసుపు తూనీగలను మీరు చూసే ఉంటారు. పాంటాలా ఫ్లావెసెన్స్ దాని పేరు. ఆ జాతి తూనీగలు అక్టోబరు మొదలు మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వైపు పోతాయి. తిరిగొచ్చేవి వాటి పిల్లలో, పిల్లల పిల్లలో. సైబీరియా కథలు చెప్పుకునే మనం తల మీద తిరిగే ఈ ప్రయాణికుణ్ణి దారం కట్టి ఆడించుకున్నాం. నేనూ ఆడాను.

అపోహ: పెద్ద కెమెరా లేకపోతే దండగ

ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8x42 బైనాక్యులర్ చాలు. పది రెట్లు, పన్నెండు రెట్లు అని కొంటే చేయి వణుకు కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది. పొద్దున సూర్యుడు వీపు వెనక ఉండేలా చెరువు తూర్పు గట్టున నిలబడండి, లేకపోతే ప్రతి బాతూ నల్లబాతే. మరమరాలు, బ్రెడ్ వేయకండి. ఫోనులో కూత పెట్టి పిట్టను పిలవడం గొప్ప ట్రిక్కేమీ కాదు. దాని జాగాలోకి శత్రువు వచ్చాడని అది మేత మానేసి టెన్షన్ పడుతుంది.

చేపలన్నీ పక్షులే తినేస్తున్నాయి

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. నీటికాకులు చేపపిల్లలను తింటాయి, మత్స్యకారుల కోపానికి కారణం ఉంది. కట్ట మీద నిలబడి వాళ్ళకు ప్రకృతి పాఠం చెప్పే హక్కు నాకు లేదు. అలాగని పక్షులను కొట్టడం, విషం పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. నన్ను సరిదిద్దిన ఆ పెద్దాయనతో చాలా ఏళ్ళకు ఒక ఒప్పందం కుదిరింది. చిరిగిన నైలాన్ వల ముక్కలను ఒడ్డున వదిలేయకుండా సంచిలో వేసి పెడతాడు, మేం పట్టుకుపోతాం. కాళ్ళకు చుట్టుకుని చచ్చే పిట్టలు ఆ మేరకు తగ్గాయి. బదులుగా ఆయన అడిగింది ఒకటే: ఆరేసిన వలలను మా పిల్లలు తొక్కకూడదు.