పిల్లలకు ఉత్తరం: ఈఐఏని సోంపేట నుంచి మొదలుపెట్టి చదవండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. గ్రూప్స్‌కి చదువుతున్న మీలో కొందరి నోట్సులు చూశాను. 1972 స్టాక్‌హోమ్ సదస్సు, 1974 నీటి చట్టం, 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 48ఎ, 51ఎ(జి) అధికరణలు, 1981 వాయు చట్టం, భోపాల్ తర్వాత 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, అన్నీ వరసగా ఉన్నాయి. పక్కనే పర్యావరణ ప్రభావ అంచనా, అంటే ఈఐఏ (ప్రాజెక్టు కట్టకముందే దానివల్ల పరిసరాలకి ఏమవుతుందో లెక్కగట్టే పద్ధతి), దాని నాలుగు దశలకీ (స్క్రీనింగ్, స్కోపింగ్, ప్రజాభిప్రాయ సేకరణ, అప్రైజల్) బాణాలు గీసి పెట్టుకున్నారు. ప్రిలిమ్స్‌లో ఒకటి రెండు బిట్లకి అది సరిపోతుంది. మెయిన్స్‌లో "ఈఐఏ ప్రక్రియలోని లోపాలను ఉదాహరణలతో విశ్లేషించండి" అని అడిగితే మాత్రం పెన్ను ఆగిపోతుంది. ఆ నోట్సులో ఒక్క ఊరి పేరు కూడా లేదు మరి. అందుకే ఈ ఉత్తరం ఒక ఊరి నుంచి మొదలుపెడుతున్నాను.

శ్రీకాకుళం జిల్లా సోంపేట. సముద్రానికి దగ్గరగా పల్లంలో ఉన్న చిత్తడి నేలని అక్కడివాళ్లు బీల అంటారు. వానాకాలంలో పైనుంచి దిగిన నీరు అందులో నిలుస్తుంది. ఆ తడి మీద ఆధారపడి చుట్టూ వరి పండుతుంది. చేపలు పట్టుకుని బతికేవాళ్లున్నారు, గేదెలకి అక్కడే మేత. ఇన్ని కుటుంబాలకి అన్నం పెట్టే నేల రికార్డుల్లో మాత్రం ప్రభుత్వ భూమి. అక్కడ ఒక ప్రైవేటు సంస్థ పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలనుకుంది. 2009లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, ఆ తర్వాత కేంద్రం నుంచి పర్యావరణ అనుమతీ వచ్చింది. ఊళ్లవాళ్లు ఒప్పుకోలేదు. 2010 జులై 14న పనులు మొదలుపెట్టబోతే జనం అడ్డుపడ్డారు, పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. చిత్తడి నేలని బంజరు భూమి అన్నట్టు చూపించి అనుమతి తెచ్చుకున్నారన్నది అందులో ముఖ్యమైన అభ్యంతరం.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని ఇప్పుడు చట్టం దగ్గరికి రండి. 1986 చట్టం కింద ఈఐఏని మొదటిసారి తప్పనిసరి చేసింది 1994 జనవరి 27 నాటి నోటిఫికేషన్. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 సెప్టెంబరు 14 నాటిది. ప్రాజెక్టుల్ని ఎ, బి అని విడదీస్తారు. 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు విద్యుత్ కేంద్రం ఎ కిందికి వస్తుంది కాబట్టి కేంద్ర మంత్రిత్వ శాఖే చూస్తుంది. బి అయితే రాష్ట్ర స్థాయి అథారిటీ చూస్తుంది. బిలో బి1కి ఈఐఏ నివేదిక కావాలి, బి2కి అక్కర్లేదు. ఈ విడదీత పేరే స్క్రీనింగ్, ఇది బి ప్రాజెక్టులకే వర్తిస్తుంది. బిట్లలో ఎక్కువమంది తప్పు పెట్టేది ఇక్కడే.

తర్వాతది స్కోపింగ్. నివేదికలో ఏమేం పరిశీలించాలో నిపుణుల కమిటీ ముందే నిర్ణయించి చెప్పే దశ ఇది. నా దృష్టిలో అన్నిటికంటే కీలకమైంది ఇదే, పుస్తకాల్లో మాత్రం రెండు వాక్యాల్లో ముగిస్తారు. ఈ నేల ఎలాంటిది, వాన నీరు ఎటు పోతుంది, ఎవరు దీని మీద బతుకుతున్నారు అని అడగాల్సింది ఇక్కడ. ఇక్కడ అడగని ప్రశ్నకి నివేదికలో జవాబు ఉండదు. నివేదిక రాసే కన్సల్టెంటుని పెట్టుకునేదీ, ఫీజు ఇచ్చేదీ ప్రాజెక్టు కట్టే సంస్థే. చుట్టూ పది కిలోమీటర్ల మేర గాలి, నీరు, నేల, జీవజాలం లెక్కలు తీస్తారు. చాలా ప్రాజెక్టులకి వానాకాలం కాకుండా మరో సీజన్లో తీసిన లెక్కలే సరిపోతాయి. ఇప్పుడు బీలని తలుచుకోండి. నీటి మీద బతికే నేలని నీళ్లు లేని మూడు నెలల్లో చూసి రాస్తే ఏమవుతుంది? కొలతలు అన్నీ నిజమే అయినా బొమ్మ తప్పు వస్తుంది. "లోపాలను విశ్లేషించండి" అన్న ప్రశ్నకి ఈ ఒక్క పాయింటు వివరంగా రాసినా మీ జవాబు మిగతావాటి నుంచి వేరుగా కనిపిస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. సభ ప్రాజెక్టు స్థలంలోగానీ, దానికి బాగా దగ్గర్లోగానీ పెట్టాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. అంతా వీడియో తీయాలి. చివర్లో జనం ఏం చెప్పారో క్లుప్తంగా రాసి, తెలుగులో అక్కడే చదివి వినిపించాలి. కనీసం ఇంతమంది రావాలన్న కోరం ఉండదు, ఓటింగ్ ఉండదు. ఇక్కడే చాలామంది "ప్రజల ఆమోదం తప్పనిసరి" అని రాసేస్తున్నారు. ఈఐఏలో అలాంటి నిబంధన లేదు. జనం అభ్యంతరాల్ని రికార్డు చేయాలి, సంస్థ వాటికి జవాబు చెప్పాలి, నిపుణుల కమిటీ వాటిని పరిగణించాలి, అంతవరకే. వద్దు అన్న మాటకి బలం ఉన్నది వేరే చట్టంలో. ఒడిశా నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం విషయంలో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభల ముందు పెట్టింది, 2013లో 12 గ్రామసభలూ వద్దన్నాయి. దానికి ఆధారం 2006 అటవీ హక్కుల చట్టం. సోంపేటలో జనం మాటకి ఆ బలం లేదు. సభలో చెప్పారు, రికార్డయింది, అనుమతి వచ్చేసింది. తర్వాత ఏమైందో చూశాం. వినడం ఒక లాంఛనంగా మిగిలిపోతే గొడవ రోడ్డు మీదికి వస్తుంది. అదే జిల్లాలో కాకరాపల్లి తంపర (అదీ చిత్తడి నేలే) భూముల్లోనూ ఇంకో విద్యుత్ కేంద్రం దగ్గర 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు జరిగాయి. రేపు మీలో ఎవరైనా డిప్యూటీ కలెక్టర్ అయి అలాంటి సభ ఏర్పాట్లు చూడాల్సి రావచ్చు. ఎవరు మైకు పట్టుకున్నారు, ఎవరికి అందలేదు అన్నది ఆ రోజు మీరే చూసుకోవాలి.

ఆఖరి దశ అప్రైజల్. కమిటీ అన్నీ చూసి సిఫార్సు చేస్తుంది. అనుమతి వచ్చాక కూడా షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న సంస్థ నివేదిక ఇవ్వాలి. అప్పీలు చేయాలంటే ఇప్పుడు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కి వెళ్లాలి. సోంపేట కేసు విన్న పాత అథారిటీ 1997 చట్టంతో ఏర్పడింది. 2010 అక్టోబరు 18న ట్రైబ్యునల్ వచ్చి దాని స్థానం తీసుకుంది. అప్పీలుకి గడువు 30 రోజులు, తగిన కారణం ఉంటే ఇంకో 60 రోజుల దాకా ఇస్తారు.

ఇక కరెంట్ అఫైర్స్‌లో నలుగుతున్న విషయం, అనుమతి లేకుండా కట్టేసి తర్వాత తెచ్చుకోవడం. 2006 నోటిఫికేషన్ అడిగేది ముందస్తు అనుమతి. 2020 ఏప్రిల్ 1న అలెంబిక్ అనే మందుల కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, తర్వాత తెచ్చుకునే అనుమతి పర్యావరణ న్యాయసూత్రాలకే విరుద్ధమంది. అదే ఏడాది మార్చిలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా నోటిఫికేషన్ మాత్రం అలాంటి ఉల్లంఘనల్ని క్రమబద్ధం చేసే దారి పెట్టింది, ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన గడువును 30 నుంచి 20 రోజులకి తగ్గించాలంది. దాని మీద జనం అభిప్రాయాలు పంపుతున్న రోజుల్లోనే, మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి ఊరి మీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరిగెత్తారు, దారిలోనే పడిపోయారు. ఆ ప్లాంటుకి సరైన పర్యావరణ అనుమతి లేదని సంస్థే అంతకు ముందు ఏడాది అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ముందస్తు అనుమతి ఎందుకు అన్న ప్రశ్నకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకి అక్కర్లేదు. 2025 మేలో వనశక్తి అనే స్వచ్ఛంద సంస్థ కేసులో సుప్రీంకోర్టు తర్వాతి అనుమతుల్ని కొట్టేసింది. నవంబరులో ముగ్గురు జడ్జిల బెంచి 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. పరీక్షకి వెళ్లే ముందు తాజా స్థితి చూసుకోండి.

కేసుల్లో ఒకటి మాత్రం మన సొంతం. హైదరాబాద్ తాగునీటి చెరువులు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్లలో కాలుష్యం చేసే పరిశ్రమలు పెట్టకూడదన్న నిబంధన అప్పట్లో ఉండేది. ఆ పరిధిలో ఒక నూనె ఫ్యాక్టరీకి మినహాయింపు దొరికింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు పేరుతో 1999లో వచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ముందు జాగ్రత్త సూత్రాన్ని వివరించింది. హాని జరగదని నిరూపించే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదే అంది. హాని జరుగుతుందని ఊరివాళ్లు రుజువు చేయనక్కర్లేదు. ఈ మాట ఎంత పెద్దదో, సోంపేట రైతుల స్థానంలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

కరెంటు వద్దని గానీ, పరిశ్రమలు రాకూడదని గానీ నేను చెప్పడం లేదు. కట్టే ముందు నేల గురించి నిజం చెప్పమంటున్నాను, జవాబులో కూడా మీరు ఆ వైపు నిలబడితే చాలు.

ఇంకొకటి, పర్యావరణ అనుమతి, అటవీ అనుమతి, వన్యప్రాణి అనుమతి వేర్వేరు. మొదటిది 1986 చట్టం కింద, రెండోది 1980 అటవీ చట్టం కింద, మూడోది 1972 వన్యప్రాణి చట్టం కింద. ఒకే ప్రాజెక్టుకి మూడూ అవసరం కావచ్చు.

ఈ వారం ఒక పని చేయండి. ప్రజాభిప్రాయ సేకరణకి వచ్చే ప్రతి ప్రాజెక్టుకీ తెలుగులో సారాంశ నివేదిక ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్లో మీ జిల్లాది ఒకటి వెతికి పట్టుకోండి. ముందు స్థలం గురించి ఏం రాశారో చదవండి, లెక్కలు ఏ నెలల్లో తీశారో చూడండి. తర్వాత మ్యాపు తీసి పది కిలోమీటర్లలో ఏ చెరువులున్నాయో, ఏ ఊళ్లున్నాయో గుర్తుపెట్టండి. నివేదికలో లేనివి ఏమైనా మీకు తెలిసుంటే, సభలో మీరైతే ఏం అడుగుతారో మూడు ప్రశ్నలు రాసి నాకు పంపండి. చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు