యుద్ధచరిత్రలో వింత ప్రమాదాలు, ఘోర పొరపాట్లు: అపోహలు - వాస్తవాలు

మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో పనిచేసి, పదవీ విరమణ తర్వాత బెంగళూరులోనే అలసూరు చెరువుకు దగ్గర్లో స్థిరపడ్డాను. సైన్యంలో మమ్మల్ని తంబీలంటారు. తెలుగువాడైనా, కన్నడిగుడైనా, మలయాళీ అయినా అక్కడ తంబీయే. వంతెనలు కట్టడం, మందుపాతరలు పెట్టడం, తీయడం, పేలకుండా మిగిలిపోయిన గుండ్లను నిర్వీర్యం చేయడం మా వృత్తి. ఇక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు వీలున్నప్పుడల్లా యుద్ధచరిత్ర చెబుతుంటాను. వాళ్ళు వాట్సాప్‌లో చదివి తెచ్చే కథలన్నింటిలోనూ ప్రతి ఘోరానికీ కారణం ఒక్కటే ఉంటుంది: ఒక మూర్ఖుడో, ఒక ద్రోహో, ఒక అద్భుతమైన ఆయుధమో. మా వృత్తిలో పేలుడు జరిగితే విచారణ అలా మొదలుకాదు. ఏది దేని పక్కన ఉంది, ఎవరికి ఎక్కడి నుంచి ఏం కనిపించింది, ఏ గంటకు ఎవరికి ఏం తెలుసు అన్నవి ముందు రాసుకుంటారు. తప్పెవరిదన్నది ఆ తర్వాతి సంగతి. బాగా ప్రచారంలో ఉన్న కొన్ని కథలను అదే వరుసలో చూద్దాం.

అపోహ: 1780లో పొల్లిలూరు దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని మైసూరు రాకెట్లే తుడిచిపెట్టాయి.

వాస్తవం: రాకెట్లు ఉన్నమాట నిజం, అవి ఇనుప గొట్టాలతో చేసినవన్నదీ నిజం, ఆనాటి ఐరోపా సైన్యాల దగ్గర అలాంటివి లేవన్నదీ నిజమే. అయితే కల్నల్ విలియం బెయిలీ ఓటమి ఆ రోజు ఉదయం మొదలైనది కాదు. ఆయన బలగం బయలుదేరింది మన గుంటూరు నుంచి. హైదరలీ కర్ణాటకంలోకి, అంటే నేటి తమిళనాడులోని ఆర్కాటు నవాబు సీమలోకి దిగాడని తెలిసి, కాంచీపురం వైపు కదులుతున్న సర్ హెక్టర్ మన్రోను కలుసుకోమని బెయిలీకి ఆజ్ఞ అందింది. ఆగస్టు 25న ఆయన కొసస్తలైయార్ ఒడ్డుకు చేరాడు. చిత్తూరు వైపు మనవాళ్ళు కుశస్థలి అని పిలిచే నది అదే. ఆ సాయంత్రం నది దాటడానికి వీలుగానే ఉంది. ఆయన మాత్రం ఉత్తరపు ఒడ్డునే గుడారాలు వేయించాడు. రాత్రికి రాత్రే వరద వచ్చింది. దాటేసరికి సెప్టెంబరు మొదటి రోజులు వచ్చేశాయి. ఎగువన కొండల్లో వాన కురిస్తే దిగువన ఎండిన ఇసుక మీదకు నీళ్ళు ఎంత వేగంగా వస్తాయో చూసినవాళ్ళెవరైనా, సైన్యం విడిది ఎప్పుడూ అవతలి ఒడ్డునే ఉండాలంటారు. మాకు శిక్షణలో మొదట నేర్పే విషయాల్లో అదొకటి.

ఈ ఆలస్యం వల్ల టిప్పుకు బెయిలీని అడ్డగించే సమయం చిక్కింది. సెప్టెంబరు 6న పెరంబాకం దగ్గర జరిగిన పోరులో ఎవరూ స్పష్టంగా గెలవలేదు. టిప్పు అదనపు బలం కోసం తండ్రికి, బెయిలీ మన్రోకు కబురు పంపుకున్నారు. మన్రో సుమారు వెయ్యిమందిని కల్నల్ ఫ్లెచర్ వెంట పంపాడు గానీ తాను కాంచీపురం వదిలి రాలేదు, ఎందుకంటే సామాను, భారీ ఫిరంగులు అక్కడున్నాయి. ఈ మన్రో 1764లో బక్సర్ గెలిచిన సేనాని అన్న సంగతి గుర్తుంచుకుంటే, మూర్ఖుడన్న మాటతో సరిపెట్టుకోవడం కుదరదు. సెప్టెంబరు 9 రాత్రి బెయిలీ కాంచీపురం వైపు నడక మొదలుపెట్టి, మధ్యలో తెల్లవారేదాకా ఆగాడు. 10వ తేదీ ఉదయానికి టిప్పు సేన చుట్టూ ఉంది, హైదరలీ ప్రధాన బలగమూ వచ్చి చేరింది.

ఇక పేలుడు సంగతి. బెయిలీ బలగం చతురస్రంగా నిలబడి పోరాడింది. మందుగుండు బళ్ళు ఆ చతురస్రం లోపలే ఉన్నాయి, ఎందుకంటే అవి ఉండటానికి మరో చోటు లేదు. అవి పేలిపోయాయి. మందు పోయింది, వరుసలు చెదిరాయి, ఆ సందులోంచి అశ్వదళం లోపలికి వచ్చింది. బళ్ళకు నిప్పంటించింది రాకెట్టని కొందరు, ఫిరంగి గుండని మరికొందరు రాశారు. ఒక సాపర్‌గా, అంటే సైనిక ఇంజనీరుగా, నాకు ఈ వాదన మీద పెద్ద ఆసక్తి లేదు. తెరిచి, మందు తీసి వాడుకుంటున్న బళ్ళ మధ్యకు ఏ నిప్పు వచ్చి పడినా ఫలితం ఒకటే. మన్రో మాత్రం భారీ ఫిరంగులను కాంచీపురంలోని పెద్ద కోనేట్లోకి తోయించి, చెంగల్పట్టు మీదుగా మద్రాసుకు వెనుదిరిగాడు. ఏ ఫిరంగుల కోసం కదలకుండా కూర్చున్నాడో అవే నీళ్ళపాలయ్యాయి.

బెంగళూరు నుంచి శ్రీరంగపట్నం వెళ్ళేవాళ్ళు దరియా దౌలత్ భవనంలో ఈ యుద్ధం బొమ్మను చూసే ఉంటారు. ఎర్రకోట్ల చతురస్రం, దాని నడుమ పేలుతున్న బండి, పల్లకీలో బెయిలీ, చుట్టూ ఏనుగులు, గుర్రాలు. ఆ గోడకు తర్వాతి కాలంలో మళ్ళీ రంగులు వేయించారు కాబట్టి ప్రతి గీతనూ సాక్ష్యంగా తీసుకోకూడదు. అయినా చిత్రకారుడు బండిని సరిగ్గా మధ్యలో పెట్టాడు. ఏది దేని పక్కన ఉందో ఆయనకు తెలుసు.

అపోహ: 1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం ఆయన మంత్రి మీర్ సాదిక్ ఒక్కడి ద్రోహం వల్లే పడిపోయింది.

వాస్తవం: మీర్ సాదిక్ జీతాల పేరుతో సైనికులను గోడ దగ్గర్నుంచి తప్పించాడన్న కథ బలంగా ఉంది, అందులో నిజం ఉండవచ్చు. కానీ అప్పటికే గోడకు గండి పడింది. మే 2న ఒక గుండు కోటలోని రాకెట్ల నిల్వ మీద పడి, అది భయంకరంగా పేలింది. ఎండాకాలం కాబట్టి కావేరి నడిచి దాటేంత తక్కువగా ప్రవహిస్తోంది. వర్షాలు మొదలైతే దాటడం అసాధ్యమయ్యేది. కాబట్టి ముట్టడించిన కంపెనీ సైన్యానికి తొందర ఉంది. మే 4న మిట్టమధ్యాహ్నం, కాపలావాళ్ళు భోజనాలకూ నీడకూ జరిగే వేళ చూసి దాడి చేశారు. ముందు నడిచిన డేవిడ్ బెయిర్డ్ పొల్లిలూరులో పట్టుబడి, ఇదే శ్రీరంగపట్నంలో ఏళ్ళ తరబడి సంకెళ్ళతో ఉన్న మనిషి. నది లోతు, దాడి గంట, గోడ గండి, ఈ మూడింటినీ వదిలేసి ద్రోహాన్ని మాత్రమే చెప్పుకుంటే కథ బాగుంటుంది, కోట ఎందుకు పడిందో మాత్రం తెలియదు.

అపోహ: 1854లో రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధంలో, బలక్లావా దగ్గర, లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ అశ్వదళాన్ని తెలివితక్కువ సేనాపతి ఎదురుగా ఉన్న ఫిరంగుల మీదకు తోలాడు, దళం మొత్తం చచ్చిపోయింది.

వాస్తవం: సుమారు 670 మంది గుర్రాలెక్కితే, చనిపోయినవాళ్ళు 110 మంది ప్రాంతం, గాయపడినవాళ్ళు అంతకంటే ఎక్కువ. నష్టం ఘోరమే గానీ దళం తుడిచిపెట్టుకుపోలేదు. అసలు విషయం చూపుకు సంబంధించినది. బ్రిటిష్ సర్వసేనాని లార్డ్ రాగ్లన్ కొండ మీద ఉన్నాడు. రష్యన్లు పక్క దిబ్బల మీద చేజిక్కించుకున్న ఫిరంగులను లాక్కుపోతున్నట్టు ఆయనకు అక్కడి నుంచి కనిపించింది, వాటిని ఆపమని చీటీ రాయించాడు. కింద లోయలో ఉన్న అశ్వదళాధిపతి లార్డ్ లూకన్‌కు ఆ దిబ్బల అవతల ఏముందో కనిపించదు. ఆయన కంటికి ఆనిన ఫిరంగులు లోయ చివర ఉన్న రష్యన్లవే. ఏ ఫిరంగులని లూకన్ అడిగితే, చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్ చేయి విసురుగా లోయ వైపు చూపాడంటారు. ఆ నోలన్ దాడి మొదలైన కాసేపటికే ఒక గుండు ముక్క తగిలి చనిపోయాడు కాబట్టి ఆయన మనసులో ఏముందో ఎవరూ అడగలేకపోయారు. మ్యాపు మీద వేలు పెట్టి చూపించనిదే ఆజ్ఞ అందినట్టు లెక్క కాదని మాకు శిక్షణ ఇచ్చిన ఉస్తాద్‌లు గొంతు చించుకునేవారు. చీటీలో దిక్కు రాసి ఉంటే సరిపోయేది.

రెండు కథలను త్వరగా ముగిస్తాను. 1788 సెప్టెంబరులో కారాన్‌సెబెష్ దగ్గర ఆస్ట్రియా సైన్యం సారా పీపాల కోసం తనలో తానే కొట్టుకుని 10,000 మందిని పోగొట్టుకుందని చెబుతారు. రాత్రి వెనుదిరుగుతున్న సైన్యంలో భయం పుట్టి, సొంతవాళ్ళ మీదే కాల్పులు జరిగి, సామాను చెదిరిపోయిన మాట నిజం. ఆ 10,000 అంకెకు మాత్రం ఆనాటి ఆధారం లేదు; చాలాకాలం తర్వాత రాసినవాళ్ళు ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకుంటూ వచ్చినది. ఇక 1932లో ఆస్ట్రేలియా ఈము పక్షుల మీద యుద్ధం ప్రకటించి ఓడిపోయిందన్నది. యుద్ధం ఎవరూ ప్రకటించలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాంపియన్ ప్రాంతంలో గోధుమ రైతులు మొరపెట్టుకుంటే, మేజర్ మెరిడిత్‌నూ ఇద్దరు సైనికులనూ రెండు లూయిస్ మెషిన్‌గన్‌లతో, 10,000 తూటాలతో పంపారు. మెరిడిత్ తన నివేదికలో 9,860 తూటాలకు 986 పక్షులు చచ్చాయని రాశాడు. సరిగ్గా పక్షికి పది తూటాలు! విచారణలో ఎవరైనా నాకు అంత చక్కటి లెక్క అప్పగిస్తే, ముందు ఆ లెక్కనే అనుమానించేవాణ్ణి.

అపోహ: 1944 బొంబాయి రేవు పేలుడు జపాన్ వాళ్ళ పని.

వాస్తవం: ఇది నేను కాస్త వివరంగా చెప్పదలచుకున్నది, ఎందుకంటే మన దేశంలో మందుగుండు రవాణా గురించి తెలుసుకోవలసినదంతా ఈ ఒక్క ఓడలో ఉంది. ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ ఇంగ్లండులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, విమానాలు, బంగారు కడ్డీలు ఎక్కించుకుని బయలుదేరింది. కరాచీలో కొంత సరుకు దిగగానే, ఖాళీ అయిన చోటంతా వేలాది పత్తి బేళ్ళతో నింపారు. నూనె పీపాలు కూడా చేరాయి. నిప్పు చాలాసేపు లోలోపల రాజుకునే గుణం పత్తిది. ఓడ రెండో గదిలో కింద పత్తి, పైన పేలుడు పదార్థాలు. యుద్ధకాలం, ఓడలు తక్కువ, ఖాళీగా పోనివ్వకూడదన్న ఒత్తిడి ఎక్కువ. సంతకం పెట్టినవాళ్ళందరికీ అది ఆ రోజుకు సబబుగానే తోచి ఉంటుంది.

ఏప్రిల్ 14 మధ్యాహ్నం విక్టోరియా డాకులో పొగ కనిపించింది. పేలుడు సరుకున్న ఓడ ఎగరేయవలసిన ఎర్రజెండా ఎగరలేదు. చుట్టుపక్కల ఓడలవాళ్ళకు, రేవు కూలీలకు అందులో ఏముందో తెలియదు. అగ్నిమాపక దళం వచ్చి వందల టన్నుల నీళ్ళు పోసింది. పత్తి బేళ్ళ అడుగున ఉన్న నిప్పుకు నీళ్ళు అందవు, కానీ మండుతున్న బేళ్ళు నీళ్ళతో పాటు తేలి పైకి లేస్తాయి, పైన ఉన్నది పేలుడు సరుకు. ఓడను ముంచేయాలని ఒకరు, సముద్రంలోకి లాగేయాలని ఒకరు, నీళ్ళు పోస్తే చాలని ఒకరు అన్నారు; వీళ్ళందరి మీదా ఆజ్ఞ వేయగల అధికారి అక్కడ లేడు. రెండు గంటలు అలాగే గడిచాయి. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు మొదటి పేలుడు, సుమారు అరగంటకు ఇంకా పెద్దది రెండోది. సిమ్లాలోని భూకంప నమోదు పరికరం దాన్ని గుర్తించింది. మృతుల అంచనాలు 800 నుంచి 1,300 దాకా ఉన్నాయి. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. వారి జ్ఞాపకార్థమే ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక సేవా దినం జరుపుకుంటున్నాం. ఆ రోజుల్లో నగరమంతా జపాన్ దాడి అనే అనుకుంది, అది సహజమే. విచారణ తేల్చింది మాత్రం ప్రమాదమని. కాల్చి పడేసిన సిగరెట్ కావచ్చన్నారు. ఒక్క సిగరెట్ ఎవరిదో దొరికి ఉన్నా, కరాచీలో పత్తి ఎక్కించమన్న కాగితం కంటే అది పెద్ద నేరమని నేననుకోను.

మధ్యలో బెంగళూరువాళ్ళ కోసం ఒక చిన్న మాట. బెంగళూరు టార్పిడో అంటే సముద్రంలో వాడేదని ఇక్కడివాళ్ళే చాలామంది అనుకుంటారు. అది పేలుడు మందు కూరిన గొట్టం. ఒకదానికొకటి బిగించుకుంటూ ముళ్ళతీగ కిందకు తోసి పేల్చి దారి చేస్తారు. 1912లో మా దళానికే చెందిన కెప్టెన్ మెక్లింటాక్ బెంగళూరులో రూపొందించాడు. నీళ్ళతో దానికి ఏ సంబంధమూ లేదు.

అపోహ: 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని విశాఖ దగ్గర మన జలాంతర్గామి వెంటాడి ముంచింది.

వాస్తవం: అలాంటి జలాంతర్గాముల పోరాటం సినిమాలోనే ఉంది, రికార్డుల్లో లేదు. విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చిన ఘాజీకి, అది విశాఖలోనే ఉందనిపించేలా వైస్ అడ్మిరల్ కృష్ణన్ దొంగ సంకేతాలు నడిపించారు. విక్రాంత్ అప్పటికి అండమాన్‌లో సురక్షితంగా ఉంది. ఆ భాగం నిజంగానే గొప్ప ఎత్తుగడ. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో రేవు నుంచి బయలుదేరిన రాజ్‌పుత్ నౌక నీళ్ళలో అలజడి చూసి నీటి అడుగున పేలే రెండు బాంబులు, అంటే డెప్త్ చార్జీలు, వదిలింది. అర్ధరాత్రి దాటాక వచ్చిన పెద్ద పేలుడు ఒడ్డున విశాఖలో వినిపించింది. తొంభైమందికి పైగా ఉన్న ఘాజీ సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. రాజ్‌పుత్ వల్లే మునిగిందన్నది మన నౌకాదళం మాట; తాను పెడుతున్న మందుపాతరలే పేలాయన్నది పాకిస్తాన్ మాట; బ్యాటరీల నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు కారణం కావచ్చని మన నౌకాదళ మాజీ అధికారులే కొందరు రాశారు.

మందుపాతరలు, టార్పిడోలు, హైడ్రోజన్ వదిలే బ్యాటరీలు, మనుషులు, ఇవన్నీ ఒకే ఇనుప గొట్టంలో పక్కపక్కన ఉన్నాయి. ముందు భాగం లోపలి నుంచి బయటికి పగిలిందన్న గజ ఈతగాళ్ళ మాటను ఘాజీ తనంత తానే పేలిందనడానికి రుజువుగా చాలామంది చూపుతారు. మా వృత్తిలో ఆ రుజువు అంతవరకు రాదు. బయటి డెప్త్ చార్జి అదురుకు లోపలి టార్పిడో పేలినా రేకు బయటికే వంగుతుంది. ఎవరూ ఏమీ చేయకుండా లోపలి వాయువు అంటుకున్నా బయటికే వంగుతుంది. ఏ సరుకు ముందు పేలింది, దానికీ రాజ్‌పుత్ వదిలిన రెండు చార్జీలకూ మధ్య ఎన్ని నిమిషాల తేడా ఉంది అన్నవి తేలితే తప్ప ఆ మూడు మాటల్లో ఏ ఒక్కదాన్నీ కొట్టేయడానికి వీల్లేదు.